సిస్టమ్ దానంతటదే ఆగిపోతోందా? మదర్‌బోర్డు మార్చే ముందు ఇది చదవండి

"ఫార్మాట్ కొట్టించానండి, ర్యామ్ కూడా మార్చి చూశాను. ఇంక బోర్డే మిగిలింది. కొత్తది ఎంతవుతుంది?"

విశాఖ ద్వారకానగర్‌లో మా షాపు మెట్లెక్కేవాళ్ళు తరచూ అనే మాట ఇది. సొంతంగా విడిభాగాలు కొని అసెంబుల్ చేసుకున్న డెస్క్‌టాప్, పని మధ్యలో టప్‌మని ఆగిపోతుంది. బ్లూ స్క్రీన్ ఉండదు, ఎర్రర్ మెసేజ్ ఉండదు. వీడియోలో ఒకాయన విండోస్ అంటాడు, వాట్సాప్ గ్రూపులో ఇంకొకాయన బోర్డే అని తేల్చేస్తాడు. సిస్టమ్ ఉన్నవాళ్ళు కంగారు పడటంలో తప్పులేదు. దాచుకున్న డబ్బంతా ఆ క్యాబినెట్‌లో పెట్టారు మరి. మీటరు కూడా పట్టుకోకుండా తీర్పు చెప్పేసేవాళ్ళతోనే నా పేచీ.

అపోహ: దానంతటదే ఆగిపోతోందంటే మదర్‌బోర్డు పోయినట్టే

జేబుకి అన్నిటికంటే పెద్ద చిల్లు పెట్టేది ఇదే. బోర్డు పోదని కాదు, పోతుంది. కానీ పోయిన బోర్డు చాలాసార్లు అసలు ఆన్ అవ్వదు, లేదా డిస్‌ప్లే రాదు. పొద్దున్నుంచి బాగానే నడిచి, గేమ్ పెట్టగానే ఆగిపోయి, మళ్ళీ వేస్తే ఏమీ జరగనట్టు నడిచే సిస్టమ్‌లో ముందు అనుమానించాల్సింది కరెంటు వచ్చే దారిని. గోడ సాకెట్, జంక్షన్ బాక్సు, పవర్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా), అందులోంచి బోర్డుకీ గ్రాఫిక్స్ కార్డుకీ వెళ్ళే కేబుళ్ళు. ఇవన్నీ అయ్యాకే బోర్డు.

పైగా బోర్డు మార్చడమంటే బోర్డు ఒక్కదానితో పోయేది కాదు. ఇంటెల్‌లో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1151 పోయి 1200 వచ్చింది, అది పోయి 1700 వచ్చింది. పాత ప్రాసెసర్‌కి సరిపడే కొత్త బోర్డు చాలాసార్లు దొరకదు. దాంతో ప్రాసెసర్ కూడా కొనాలి. కొత్త బోర్డు కొత్త తరం ర్యామ్ డీడీఆర్5 తీసుకునేదైతే పాత ర్యామ్ కూడా మూలకే. తప్పుడు అంచనా ఒక్కటి చాలు, సగం సిస్టమ్ కొత్తది కొనిపిస్తుంది.

కూర్మన్నపాలెం నుంచి ఒక తండ్రీకొడుకులు అలాగే వచ్చారు. వేరేచోట బోర్డు అన్నారట. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మార్పించుకుని ఇంటికెళ్ళి గేమ్ పెడితే మళ్ళీ అదే టప్. కుర్రాడు తల దించుకుని నిలబడ్డాడు, తండ్రి వాడి వైపు చూడటం లేదు. పక్క ప్యానెల్ తీసి ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చూశాను. పెద్ద అక్షరాల్లో 500 వాట్స్. దాని కింద చిన్న పట్టిక, అందులో 12 వోల్టుల గడిలో 18 ఆంప్స్. పన్నెండు ఇంటూ పద్దెనిమిది, 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు మొత్తం ఈ 12 వోల్టుల మీదే నడుస్తాయి. ఆ కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో 90 దాకా. మిగతా వాట్లన్నీ 5 వోల్టులకీ 3.3 వోల్టులకీ పంచి, కొన్ని 'పీక్' అనే పేరు మీద కలిపి లెక్క 500కి తెచ్చారు. నెట్ చూసినంతసేపూ ఆ ఎస్‌ఎంపీఎస్ మోస్తుంది, గేమ్ పెట్టగానే చేతులెత్తేస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ మార్చాం, ఆగడం పోయింది. పాత బోర్డు ఇంట్లోనే ఉందంటే తెప్పించి, పాత ప్రాసెసర్‌తో బల్ల మీద నడిపించాను. ఫుల్ లోడ్ పెట్టి చూసే స్ట్రెస్ టెస్ట్ సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. ఆయన దాన్నే చూస్తూ, "అయితే దీనికేటీ అవలేదా?" అన్నారు. ఏం చెప్పాలి?

అందుకని ఎవరికైనా డబ్బులిచ్చే ముందు ఒక కాగితం పెట్టుకుని, ఆగిన ప్రతిసారీ రాసుకోండి. ఆ టైముకి ఏం నడుస్తోంది? గదిలో ఫ్యాను, లైటు కూడా తగ్గాయా? ఏసీ అప్పుడే ఆన్ అయిందా? అన్నిటికంటే ముఖ్యం, ఆగాక బటన్ నొక్కితే వెంటనే ఆన్ అయిందా, లేక వెనక స్విచ్ ఆపి కాసేపుంచి వేస్తేనే అయిందా? రెండోదైతే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి లాక్ అయిందని అర్థం. లోడ్ ఎక్కువైందో, ఎక్కడో షార్ట్ ఉందో, ఎస్‌ఎంపీఎస్సే నీరసించిందో. నా చేతికి ఆ కాగితం వస్తే సగం పని అయిపోయినట్టే.

అపోహ: పేపర్ క్లిప్ పెట్టి చూశాను, ఫ్యాన్ తిరిగింది, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుంది

24 పిన్ కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ నల్ల వైరునీ కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది. ఆన్ అవుతుందని తెలిసింది, అంతే. స్టాండు మీద స్టార్ట్ అయిన బండి సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కేస్తుందని ఒప్పేసుకుంటామా? మల్టీమీటర్‌లో 12.1 చూపించినా అదే మాట. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి, అదీ లోడ్ పడ్డప్పుడు. పైగా మిల్లీసెకండ్‌లో వచ్చిపోయే పతనం మామూలు మీటరుకి కనపడదు. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 లాంటి పెద్ద గ్రాఫిక్స్ కార్డులు రెప్పపాటులో తమ రేటింగ్ కంటే చాలా ఎక్కువ లాగి, మంచి ఎస్‌ఎంపీఎస్‌లని కూడా ట్రిప్ చేయించాయి. 2022లో వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణం ఏటీఎక్స్ 3.0లో పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకండ్ల పాటు రెట్టింపు లోడ్ తట్టుకోవాలని రాసింది ఇందుకే.

నమ్మదగ్గ పరీక్ష ఒకటే. బాగా పనిచేస్తోందని తెలిసిన ఎస్‌ఎంపీఎస్ స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చి, పెట్టి నడపడం. కానీ అది మాడ్యులర్ రకం (కేబుళ్ళు ఊడదీయగలిగేది) అయితే దాని కేబుళ్ళు కూడా దానితోనే తెచ్చుకోండి. బోర్డు వైపు కనెక్టర్ అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస మాత్రం ఎవరిష్టం వాళ్ళది. పాత కేబుళ్ళు బిగించే ఉన్నాయి కదా అని కొత్త ఎస్‌ఎంపీఎస్‌కి గుచ్చేసి, పెళ్ళి ఫొటోలున్న హార్డ్ డిస్క్ కాల్చుకున్న ఆయన నాకు తెలుసు. ఆ ఫొటోలు తిరిగి రాలేదు.

ఇంకో మాట. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ పీకేశాక కూడా కాసేపు 400 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు.

అపోహ: మాకు ఇన్వర్టర్ ఉంది, కరెంటు సమస్య అయ్యే ఛాన్సే లేదు

2014 అక్టోబరులో హుద్‌హుద్ వెళ్ళాక రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్ళకి ఇన్వర్టర్ మీద భక్తి ఎక్కువే, అర్థం చేసుకోగలను. కానీ ఇన్వర్టర్ ఉండటం వేరు, కరెంటు పోయినప్పుడు సిస్టమ్ ఆగకుండా ఉండటం వేరు. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ ఫుల్ లోడ్‌లో కరెంటు లేకుండా నిలబడేది సుమారు 12 నుంచి 17 మిల్లీసెకండ్లు. మన 50 హెర్ట్జ్ లైనులో ఒక్క సైకిలే 20 మిల్లీసెకండ్లు, అంటే అంతసేపు కూడా కాదు. ఇన్వర్టర్ ఆ లోపు మారకపోతే ఫ్యాను ఆగదు, లైటు ఆగదు, కంప్యూటర్ ఆగిపోతుంది.

మధురవాడ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇంటి నుంచే ఉద్యోగం, మీటింగ్ మధ్యలో సిస్టమ్ పోతోంది, మేనేజర్ నమ్మట్లేదు, గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. ఇన్వర్టర్ వెనక స్విచ్ ఏ వైపుంది అని అడిగాను. అలాంటి స్విచ్ ఒకటుందని ఇంట్లో ఎవరికీ తెలీదు. చాలా ఇన్వర్టర్లకి వెనకాల నార్మల్, యూపీఎస్ అని రెండు మోడ్‌లు ఉంటాయి. నార్మల్‌లో అది లో వోల్టేజ్‌ని కూడా ఓర్చుకుంటుంది, మారడానికి ఎక్కువ టైము తీసుకుంటుంది. యూపీఎస్ మోడ్‌కి మార్చమన్నాను. అంతే, ఖర్చు సున్నా.

మామూలు 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్ల దాకానే, 600 కాదు. బ్యాటరీ ముసలిదైతే కరెంటు పోగానే అది కూడా పోతుంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద గోడ కరెంటులా నున్నటి వేవ్ కాకుండా చదరపు వేవ్ ఇస్తాయి, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సమంగా లాగే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకి అది పడదు. ఇక స్టెబిలైజర్ సంగతి. వోల్టేజ్ అటూ ఇటూ అయినప్పుడల్లా లోపల రిలే టక్‌మని మారుతుంది, ఆ క్షణం కరెంటు తెగుతుంది. 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే ఎస్‌ఎంపీఎస్‌కి స్టెబిలైజర్ అవసరమే లేదు. దాన్ని ఫ్రిజ్‌కి ఉంచండి.

అపోహ: విండోస్ డైరీ లాంటి ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని వచ్చింది, అదే జబ్బు

అది జబ్బు కాదు. సరిగా షట్‌డౌన్ అవ్వకుండా ఆగిపోయానని విండోస్ మళ్ళీ లేచాక రాసుకున్న మాట, అంతే. ప్లగ్ పీకినా అదే వస్తుంది. డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ నంబరు) సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదని అర్థం, అప్పుడు కరెంటు వైపు వెతకాలి. సున్నా కాకపోతే డ్రైవరో, ర్యామో. అక్కడే పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అని ఉంటుంది, అది సున్నా కాకపోతే బటన్ ఎవరో నొక్కి పట్టుకున్నట్టు.

ఎవరూ నొక్కకుండానే బటన్ నొక్కుకోవడం సముద్రం ఊళ్ళో మామూలే. లాసన్స్ బే కాలనీలో కిటికీ పక్కనే పెట్టిన సిస్టమ్ ఒకటి చూశాను, క్యాబినెట్ స్క్రూల మీద తుప్పు, బటన్ కింది చిన్న స్విచ్ కాళ్ళ మీద పచ్చగా చిలుము. తడిగాలి పెరిగిన రోజున అది లోపల అతుక్కుపోతోంది, నాలుగు సెకన్లు దాటగానే సిస్టమ్ ఆఫ్. బోర్డు మీద పవర్ స్విచ్ పిన్నులకి ఆ వైరు పీకేసి, రీసెట్ బటన్ వైరు గుచ్చాను. ఇప్పుడు ఆయన రీసెట్‌తోనే ఆన్ చేసుకుంటున్నారు. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష.

మిగతావి గబగబా చెప్పేస్తాను

80 ప్లస్ గోల్డ్ ఉంటే ఆగదా? అది కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గుర్తు, ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పదు.

వేడికి ఆగిపోతోందా? ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, చాలా ఇంటెల్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 అయితే 95 దగ్గర. అది కూడా దాటితేనే పవర్ తెంచేస్తుంది. ఆన్ చేసిన కాసేపటికే అలా జరుగుతుంటే కూలర్ ఊడిందో, లిక్విడ్ కూలర్ పంపు ఆగిందో చూడండి.

సాఫ్ట్‌వేర్‌లో 12 వోల్టులు 8 చూపిస్తోందా? నిజంగా 8 అయితే ఆ అంకె చదవడానికి సిస్టమ్ నడుస్తూ ఉండదు. మీటరుతో చూడండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్త్ సరిగా అందడం లేదు. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోంచి దాదాపు సగం వోల్టేజ్ బాడీ మీదకి వస్తుంది. సిస్టమ్ ఆగడానికి ఇది అరుదుగా కారణం, అయినా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వేసవిలో ఎర్త్ గుంటలో నీళ్ళు పోయడం మర్చిపోకండి.

ఇక షాపుకి వచ్చేటప్పుడు ఒక్క పని చేయండి. అందరూ క్యాబినెట్ ఒక్కటీ ఎత్తుకొస్తారు. మా పవర్ కార్డుతో, మా సాకెట్‌లో రెండు రోజులు బాగా నడుస్తుంది. ఇంటికెళ్ళాక మళ్ళీ ఆగుతుంది, నాకు ఫోన్ వస్తుంది. మీ పవర్ కార్డు, మీ జంక్షన్ బాక్సు కూడా సంచిలో వేసుకుని రండి. కార్డు ఎస్‌ఎంపీఎస్‌లో దూరే చోట లూజుగా ఊగుతోందా, రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందా, ముందు అదే చూస్తాను. అదే కారణమైతే కొత్త కార్డుతో సరిపోతుంది, దానికి నేను సర్వీస్ ఛార్జీ తీసుకోను.