తకిటలో కాలికి దక్కే రెండక్షరాలు

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్ 1969 జనవరిలో వచ్చింది. అందులో మొదటి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’. నిండా మూడు నిమిషాలు కూడా లేని ఆ పాట విని, వాయించినవాడి ముందు రెండు బేస్ డ్రమ్ములు, అంటే కాలితో వాయించే పెద్ద డ్రమ్ములు, ఉండి ఉంటాయని చాలామంది అనుకున్నారు. బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాడింది ఒక్కటే బేస్ డ్రమ్. పెడల్ ఒక్కటే, దాన్ని తొక్కింది ఒక్క కుడికాలే.

బేస్ డ్రమ్ దెబ్బని డ్రమ్మర్లు కిక్ అంటారు. ఈ పాటలో కిక్‌ని నోట్స్ చూడకుండా, వింటూనే పట్టుకుందామని కూర్చున్నాను. కాలు మొండికేస్తుందని భయపడ్డాను గానీ, ముందు మోసం చేసింది చెవి.

పాట వేగం నిమిషానికి దాదాపు 94 బీట్లు. అంటే బీటుకీ బీటుకీ మధ్య సుమారు 640 మిల్లీసెకన్లు. ఆ కాస్త జాగాలో రెండు ‘తకిట’లు ఇరుకుతాయి. ఒక్కో అక్షరానికి దక్కేది 106 మిల్లీసెకన్లు. ‘త’ దగ్గర కాలు ఊరుకుంటుంది. ‘కి’, ‘ట’ రెండూ కాలివే. రెండు చిటికెలు వేరువేరని తెలియడానికి మన చెవికి కొద్ది మిల్లీసెకన్ల ఎడం చాలు. వాటిని తాళంలో అక్షరాలుగా లెక్కపెట్టుకోవాలంటే మాత్రం దాదాపు 100 మిల్లీసెకన్లు కావాలి. అంతకన్నా దగ్గరైతే లెక్క పోయి గరగరమనే ఒకే చప్పుడు మిగులుతుంది. బోనమ్ కాలు సరిగ్గా ఆ గట్టు మీద నడుస్తోంది.

అసలు ఉచ్చు ఇంకోటి ఉంది. కాలి దెబ్బలు రెండూ దగ్గరగా పడి, ఆ తర్వాత రెట్టింపు ఖాళీ వస్తుంది: డుడుం... డుడుం... ఇలా జంటగా వచ్చే చప్పుళ్లలో, ఖాళీకి ముందున్న రెండోదే గట్టిగా పడినట్టు మనకి అనిపిస్తుంది. నిజానికి రెండూ సమానంగా వాయించినా అంతే. దాంతో ‘ట’నే బీటు అనుకుంటాం. అసలు బీటు ఒక అక్షరం అవతల, కాలు మాట్లాడని ‘త’ దగ్గర ఉంది. నేను వారం రోజులు తప్పుగా సాధన చేసింది అందుకే. కాలు బాగానే ఆడింది, పాటతో కలిపితే మాత్రం ప్రతిసారీ ఒక అక్షరం ముందే దిగేది.

పైగా లోతైన శబ్దాలంటే చెవికి చిన్నచూపు. 1000 హెర్ట్జ్ దగ్గర చీమ చిటుక్కుమన్నా వినే చెవికి, 60 హెర్ట్జ్ దగ్గర అదే వినిపించాలంటే దాదాపు 35 డెసిబెల్స్ ఎక్కువ కావాలి. బేస్ గిటార్ కూడా అక్కడే తిరుగుతుంది కాబట్టి డ్రమ్‌ని మింగేస్తుంది. మొదటి దెబ్బ మోత ఆరకముందే రెండోది పడుతుంది. అందుకే డ్రమ్ బాగా వినపడాలని బేస్ పెంచితే పని చెడుతుంది. నేను ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించి, 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల పెంచాను. గుమ్మనే మోత పోయి, పెడల్‌కుండే సుత్తి (బీటర్) డ్రమ్ చర్మాన్ని తాకే ‘టక్’ మిగిలింది. కాలం చెప్పేది ఆ టక్కే.

వేగం తగ్గించి వినమని అందరూ చెప్తారు. వినండి గానీ మరీ సగానికి దించకండి. పాత రోజుల్లో రికార్డుని సగం స్పీడులో తిప్పితే స్వరం కూడా ఒక స్థాయి కిందికి జారి, కిక్ బురదలో పడ్డట్టుండేది. ఇప్పటి యాప్‌లు స్వరం మారకుండా శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి సాగదీస్తాయి. ఆ పేర్పులో పదునైన దెబ్బ ఒక్కోసారి రెండుసార్లు వినిపిస్తుంది. లేని కిక్‌ని లెక్కపెట్టుకుని తలపట్టుకుంటాం. నా మటుకు ముప్పావు వేగం చాలు.

చివరికి దారి చూపింది నోరు. మృదంగం నేర్పేవాళ్లు ముందు నోటితో పలికించి తర్వాత చేతికిస్తారు కదా, అదే పద్ధతి. పాట పెట్టుకుని ‘తకిట తకిట’ అంటూ, ‘త’కి తొడ మీద చెయ్యి, ‘కిట’కి కాలు. పెడల్ లేదు, చెప్పు మడమ ఎత్తి నేలమీదే. కదలకుండా కూర్చుని తాళం వింటున్నా మెదడులో కదలికలు నడిపే భాగాలు మేల్కొంటాయని స్కాన్లలో తేలింది. నోరు, చెయ్యి కూడా తోడైతే ఆ ఖాళీ ‘త’ ఖాళీగా అనిపించదు. మూడో రోజు సాయంత్రం బీటు ఒక్కసారిగా పక్కకి జరిగి తన చోట్లో కూర్చుంది. అదే పాట, అదే కిక్, కానీ కొత్తగా వినబడింది. కింది ఫ్లాట్ వాళ్లు పైకొచ్చి తలుపు కొట్టింది కూడా ఆ సాయంత్రమే.

ఆ తర్వాత బోనమ్‌వి అన్నీ మళ్లీ విన్నాను. 1970లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో ఒక నెమ్మది పాట ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అందులో కిక్‌తో పాటు పెడల్ కీచుకీచుమనడం కూడా వినిపిస్తుంది.