చామంతికి చీకటి కావాలి

పోయిన ఏడాది మా మేడ మీద ఆరు కుండీల్లో చామంతి పిలకలు నాటాను. అన్నిటికీ ఒకే మట్టి, ఒకే పశువుల ఎరువు. డిసెంబరు వచ్చేసరికి నీళ్ల ట్యాంకు వెనకున్న నాలుగు కుండీలు ఆకు కనపడనంతగా పూశాయి. పిట్టగోడ పక్కన పెట్టిన రెండు మాత్రం ఏపుగా ఎదిగాయే తప్ప ఒక్క మొగ్గ వెయ్యలేదు. పక్కింటి పిన్నిగారు చూసి, "దిష్టి తగిలిందమ్మా, ఓ నిమ్మకాయ కట్టు" అన్నారు. కట్టాను. తర్వాత తెలిసింది, తగిలింది దిష్టి కాదు, వీధిలైటు.

చలి పడితే చామంతి పూస్తుందని అనుకుంటాం. చల్లదనం దానికి నచ్చే మాట నిజమే గానీ, పూతకు వేళయిందన్న కబురు అందేది చీకటి నుంచి. హైదరాబాదులో జూన్ నెలాఖరున పగలు 13 గంటల పైచిలుకు ఉంటుంది. డిసెంబరు మూడో వారానికి దాదాపు 11 గంటలకు దిగుతుంది. "అప్పుడే పొద్దుపోయిందే" అనుకుని మనం లైటు వేసుకుంటాం. మొక్క మాత్రం ఆ రెండు గంటల తేడాను లెక్క పెట్టుకుంటుంది.

పందిరి చిక్కుడు ఆషాఢంలో పెట్టినా శ్రావణంలో పెట్టినా పూత కార్తీకానికే అనేది మా అమ్మమ్మ. సరిగ్గా ఇలాంటి చిక్కుముడే అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అలార్డ్‌లకు ఎదురైంది. ఒక రకం సోయాను వాళ్లు వేర్వేరు తేదీల్లో విత్తితే, అన్నీ ఇంచుమించు ఒకేసారి పూశాయి. మేరీలాండ్ మామత్ అనే పొగాకు వేసవంతా మనిషిని మించి ఎదిగి, పూత ఊసే ఎత్తలేదు. చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో పెడితే పూసింది. వేడి, ఎరువు, తేమ అన్నీ మార్చి చూశారు. చివరికి చిన్న చీకటి కొట్టం కట్టి, నడివేసవిలో పొద్దుండగానే కుండీలను అందులోకి నెట్టారు. పొగాకు పూసింది! 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పగలు, రాత్రి నిడివిని బట్టి మొక్క నడుచుకునే ఈ గుణానికి ఫోటోపీరియాడిజం అని పేరు పెట్టారు.

అసలు తమాషా 1938లో బయటపడింది. హామ్నర్, బానర్ అనే ఇద్దరు మరుల మాతంగి జాతి కలుపు మొక్క మీద ప్రయోగాలు చేస్తూ, నడిరాత్రి కాసేపు లైటు వేసి ఆర్పేశారు. అంతే, పూత ఆగిపోయింది. అంటే మొక్క కొలుస్తున్నది పగటిని కాదు, ఎడతెగని రాత్రిని. ఆ కొలత పని మొక్కలోని జీవగడియారానిది. వెలుగుందో లేదో దానికి చెప్పేది ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే పదార్థం. రాత్రి తగినంత పొడుగైందని తేలితే ఆకులో ఒక ప్రొటీన్ తయారై, కాడ గుండా కొసకు చేరుతుంది. అక్కడ ఆకు పుట్టాల్సిన చోట మొగ్గ పుడుతుంది. అలా మొదలయ్యాక చామంతి విచ్చుకోవడానికి రకాన్ని బట్టి 8 నుంచి 10 వారాలు పట్టడం మామూలు.

పూల వ్యాపారులు దీన్ని ఎప్పుడో పట్టేశారు. తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించి చామంతిని ఆపి ఉంచుతారు, ధర పలికే రోజులకు పూసేలా లైట్లు ఆర్పేస్తారు. నేను మాత్రం కరెంటు బిల్లు లేకుండానే ఆ పని చేశానన్నమాట.

చిక్కుడు సంగతి చెప్పాలి. ఏడాది పొడవునా కాసే పొట్టి చిక్కుడు విత్తనాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, వాటికి ఈ రాత్రి లెక్క పట్టదు. సౌకర్యమే. అయినా నాకు పాత పందిరి చిక్కుడే ఇష్టం, పేనుబంక పట్టి విసిగించినా సరే. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడు ఆకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం ఇస్తాం కదా. ఆ కాయలు కాసింది సూర్యుడు తొందరగా ఇంటికెళ్లిపోవడం వల్లేనని తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఈసారి ఆ రెండు కుండీలనూ ట్యాంకు వెనక్కి జరిపాను. దీపావళి నుంచి రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి కొసలు వెతుకుతున్నాను. నిన్న ఒకదానికి బఠాణీ గింజంత మొగ్గ కనిపించింది. పిన్నిగారి నిమ్మకాయ ఎండి నల్లబడి ఇంకా ఆ కుండీకే వేలాడుతోంది. విప్పేద్దామనుకుంటాను గానీ, ఎందుకొచ్చిన టెన్షన్ అని వదిలేశాను.