సాక్సెన్‌రింగ్‌లో ఆగిపోయిన పందెం

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నా పాత యెజ్డీ మోటార్‌సైకిల్ అంత పొగ ఎందుకు కక్కేదని అడిగారు కదా. అది టూ స్ట్రోక్ బండిరా. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసేవాళ్ళం, అదీ మండి పొగయ్యేది.

ఈ ఇంజన్లకు జోరు నేర్పిన మనిషి తూర్పు జర్మనీలో ఉండేవాడు. అప్పట్లో జర్మనీ తూర్పు, పడమర అని రెండు దేశాలుగా ఉండేది. పేరు వాల్టర్ కాడెన్, ఎంజెడ్ అనే మోటార్‌సైకిల్ కంపెనీ ఇంజనీరు. బంతి భోజనాలు తలుచుకోండి. మొదటి బంతి లేచి బయటికి పోతుంటే రెండో బంతి లోపలికి తోసుకొస్తుంది, ఆ హడావుడిలో ఆకలిగా వచ్చినవాళ్ళూ కొందరు బయటికి కొట్టుకుపోతారు. టూ స్ట్రోక్ సిలిండర్లో పెట్రోలు గతి అదే. కాడెన్ ఏం చేశాడంటే, పొగగొట్టాన్ని మధ్యలో లావుగా, చివర సన్నగా మలిచాడు. పొగ తాకిడి ఆ చివర తగిలి వెనక్కొచ్చి, జారిపోబోయే పెట్రోలును మళ్ళీ లోపలికి నెట్టేది.

ఆ ఎంజెడ్ బళ్ళు సొంతగడ్డ మీద పరుగెత్తిన పందెమే తూర్పు జర్మనీ గ్రాండ్ ప్రీ. 1961 నుంచి 1972 దాకా సాక్సెన్‌రింగ్ అనే ట్రాక్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ లెక్కలో జరిగింది. ట్రాక్ అంటే 8 కిలోమీటర్లు దాటిన మామూలు రోడ్డే, ఊళ్ళోంచి పోయేది. జనం లక్షల్లో వచ్చేవారు. ప్రమాదమూ అంతే: 1969లో మన యెజ్డీకి తల్లిలాంటి జావా బండి మీద ప్రాక్టీసు చేస్తూ బిల్ ఐవీ అనే రైడర్ పోయాడు. 26 ఏళ్ళు.

1961లోనే ఎంజెడ్ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందేనికి వెళ్ళి, అటునుంచి అటే పడమటికి పారిపోయాడు. అతనితో పాటే కాడెన్ విద్య జపాన్ కంపెనీ సుజుకీకి చేరింది. మరుసటి ఏడే డెగ్నర్ సుజుకీ మీద 50 సీసీ ప్రపంచ ఛాంపియన్! కాడెన్ గురించి తలుచుకుంటే నాకిప్పటికీ ఉసూరుమంటుంది.

ఇక 1971లో 250 సీసీ పందెం పశ్చిమ జర్మనీ వాడు డీటర్ బ్రౌన్ గెలిచాడు. గెలిచినవాడి జాతీయగీతం వాయించాలి కదా. వాయించారు. చూడ్డానికొచ్చిన తూర్పు జర్మన్లు గొంతు కలిపారు! సర్కారు పెద్దల మొహాలు మాడిపోయాయి. మరుసటి ఏడాదితో ప్రపంచ పందెం అక్కడ సరి. నన్నడిగితే దాని ఆయువు ఆ పాటతోనే తీరింది. జర్మనీ ఒకటయ్యాక, అక్కడే కట్టిన చిన్న ట్రాక్ మీదికి 1998లో జర్మన్ గ్రాండ్ ప్రీ వచ్చింది గానీ, అది వేరే పందెం.

సంక్రాంతికి వచ్చినప్పుడు యెజ్డీ సిలిండర్ విప్పి, పెట్రోలు లోపలికొచ్చే గుమ్మం, పొగ బయటికిపోయే గుమ్మం చూపిస్తాను. పాత బట్టలు తెచ్చుకోండి, మసి ఒక పట్టాన వదలదు.

మీ తాతయ్య