చిటికెడు గంజాయి, బోలెడు పని: ఈ నమ్మకం ఎక్కడిది?

రవ్వంత గంజాయి తీసుకుంటే పని బాగా సాగుతుందని ఇప్పుడు కొందరు చెబుతున్నారు. ఒకప్పటి మాట వేరు. గంజాయి తాగితే మనిషి సోమరి అవుతాడని అమెరికాలో చాలామంది డాక్టర్లు గట్టిగా నమ్మిన రోజులవి. 1968లో ఆ స్థితికి ‘అమోటివేషనల్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టేశారు. ఆ తర్వాత కొన్నాళ్లకే మానవ శాస్త్రవేత్తలు వీరా రూబిన్, లాంబ్రోస్ కొమిటాస్ తమ బృందంతో జమైకా పల్లెలకు వెళ్లారు. అక్కడి కూలీలు డాక్టర్లకు పూర్తి భిన్నంగా మాట్లాడారు. దమ్ము కొట్టి పొలంలోకి దిగితేనే ఒళ్లు వంగుతుందన్నారు. బృందం ఆ మాట రాసుకుని ఊరుకోలేదు. పని చేసేటప్పుడు కదలికలు లెక్కపెట్టింది, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కొలిచింది. దమ్ము కొట్టాక కదలికలూ పెరిగాయి, ఖర్చయ్యే కేలరీలూ పెరిగాయి. ఖర్చు చేసిన శక్తికి తగ్గట్టు పని మాత్రం సాగలేదు. కూలీలకేమో తాము ఎక్కువే చేశామనిపించింది.

జమైకాకు గంజాయిని తీసుకెళ్లింది 1845 నుంచి అక్కడి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన భారతీయులే. ఆ అలవాటుతో పాటే ఈ నమ్మకమూ ఓడెక్కి ఉంటుందని నా అనుమానం. ఎందుకంటే భారతదేశంలో గంజాయి వాడకంపై బ్రిటిష్ ప్రభుత్వం 1893లో వేసిన కమిషన్ 1,193 మంది సాక్షులను విచారిస్తే, బడలిక తెలియకుండా ఉండేందుకు కష్టజీవులు దీన్ని వాడతారన్న మాట అక్కడా వినిపించింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని కమిషన్ తేల్చింది. అయితే ఎంత తీసుకుంటే మితం? దానికి అప్పట్లో జవాబు లేదు. మత్తెక్కించే పదార్థమేదో కచ్చితంగా తెలియనప్పుడు మోతాదు ఎలా కొలుస్తారు?

ఆ పదార్థాన్ని, అంటే టీహెచ్‌సీని, 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషౌలం, యెహియెల్ గావోని శుద్ధ రూపంలో వేరు చేసి, దాని నిర్మాణాన్ని తేల్చారు. అది మెదడులో అతుక్కునే చోటును, అంటే గ్రాహకాన్ని, 1988లో అలిన్ హౌలెట్ బృందం పట్టుకుంది. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో ఇలాంటి గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. గంజాయి మత్తులో చదివింది చదివినట్టే మరిచిపోవడం, మొదలుపెట్టిన వాక్యం మధ్యలో జారిపోవడం ఊరికే జరగవు.

ఇక మిల్లీగ్రాముల లెక్క వాడకందారుల దాకా వచ్చింది ప్రయోగశాల వల్ల కాదు, బజారు వల్ల. 2014 జనవరి 1న అమెరికాలోని కొలరాడోలో పెద్దలకు గంజాయి అమ్మే దుకాణాలు తెరుచుకున్నాయి. చాక్లెట్లు, బిస్కెట్ల రూపంలోనూ దొరికేది. పొగ నిమిషాల్లో తలకెక్కుతుంది. తిన్నది అలా కాదు, కాలేయం మీదుగా వెళ్లి పట్టు చూపించడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఆ మార్చిలో 19 ఏళ్ల యువకుడొకడు 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న కుకీ కొన్నాడు. దుకాణంలో చెప్పినట్టే ఆరో వంతు తిన్నాడు. అరగంట, గంట చూసినా ఏమీ తెలియక మిగతాదంతా తినేశాడు. ఆ మత్తులోనే బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. ఒక్కో మోతాదు 10 మిల్లీగ్రాములు మించకుండా విడివిడిగా కనిపించేలా ఉండాలన్న నిబంధనలు 2015 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాయి. 5, 2.5 మిల్లీగ్రాముల మింట్లు, గమ్మీలు అమ్మేవాళ్లూ తయారయ్యారు.

చిన్న బిళ్లకు పెద్ద కథ కావాలి. ఆ కథ ఎల్‌ఎస్‌డీ అనే భ్రాంతులు కలిగించే మత్తుమందు నుంచి అప్పుగా వచ్చింది. మామూలు మోతాదులో పదో వంతు తీసుకునే పద్ధతిని, అంటే మైక్రోడోసింగ్‌ను, అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ ఫాడిమన్ 2011లో ప్రచారంలోకి తెచ్చారు. సిలికాన్ వ్యాలీ ఇంజనీర్లు మైక్రోడోసింగ్‌తో పనిలో పదును పెరిగిందని చెప్పుకోవడం మొదలయ్యాక గంజాయి కంపెనీలూ ఆ మాటనే అందుకున్నాయి. మెదడులో ఈ రెండూ పట్టే దారులు వేరు. ఒకదాని పేరుప్రతిష్ఠలు ఇంకోదానికి తగిలించడం సైన్స్ కాదు, అమ్మకం.

మరి పరీక్షల్లో ఏం తేలింది? 2017లో షికాగోలో 42 మందిని మూడు గుంపులు చేసి, నలుగురి ముందు మాట్లాడించి, నోటి లెక్కలు చేయించారు. 7.5 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు ఒత్తిడి తగ్గింది. 12.5 తీసుకున్నవాళ్లకు మనసు మరింత పాడైంది, లెక్కల్లో తడబాటు పెరిగింది. తక్కువ మోతాదుతో బెరుకు తగ్గొచ్చు, నిజమే. దాన్నే ఏకాగ్రత అనుకోవడం సులువు. 2015లో నెదర్లాండ్స్‌లో తరచూ వాడేవాళ్లకు 5.5 మిల్లీగ్రాములిస్తే కొత్త ఆలోచనలు పెరగలేదు, 22 ఇస్తే తగ్గాయి. లండన్‌లో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్న 30 మంది పెద్దలపై టీహెచ్‌సీకి, గంజాయిలోనే ఉండే మత్తెక్కించని సీబీడీని కలిపిన స్ప్రే పరీక్షించారు. ప్రధాన కొలమానంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2022లో అమెరికాలో అచ్చైన అధ్యయనం మోతాదు తగ్గించి చేసిందేమీ కాదు గానీ, నాకు అదే ఆసక్తికరం. గంజాయి తాగినవాళ్లు హుషారుగా ఉన్నారు, తమ ఆలోచనలకు తామే ఎక్కువ మార్కులేసుకున్నారు. బయటివాళ్లు చూస్తే, తాగనివాళ్ల ఆలోచనలకూ వాటికీ తేడా లేదు.

పరిశోధకులకు 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీని ప్రామాణిక కొలతగా అమెరికా ఆరోగ్య సంస్థలు 2021లో నిర్ణయించాయి. కానీ రోజూ వాడితే మెదడులో గ్రాహకాలు తగ్గుతాయి, నిన్న పనిచేసిన 2.5 రేపు చాలదు. కొన్నాళ్లు మానేస్తేనే అవి మళ్లీ పుంజుకుంటాయి. రోజూ ఉదయం ఆఫీసుకు వెళ్లే ముందు ఒకటి వేసుకునేవాళ్లకు ఆ విరామం దొరకదు.