నేను స్వీట్లే ముట్టను, నాకు షుగరేంటి డాక్టర్?

ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టు పట్టుకుని వచ్చే ముప్పై అయిదేళ్ల వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే.

అపోహ: తీపి మానేస్తే షుగర్ రాదు.
తీపి తగ్గిస్తే మంచిదే, కాదనను. కానీ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్లేటు నిండా అన్నం, పక్కన ఆలూ వేపుడు, పేరుకి రెండు గరిటెల పప్పు, మళ్లీ రాత్రి పదిన్నరకి అదే తిని వెంటనే పడుకుంటే, ఆ అన్నమంతా రక్తంలో చేరేది గ్లూకోజ్‌గానే కదా. అన్నం మానేయక్కర్లేదు. సగం చేసి పప్పు, కూర, గుడ్డు పెంచండి, రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించండి. టీలో చక్కెర బదులు బెల్లం వేసుకుని ధీమాగా ఉండేవాళ్లకి ఒకటే మాట, రెండూ షుగర్ పెంచేవే.

అపోహ: సన్నగా ఉన్నవాళ్లకి రాదు.
మనలో చాలామందికి కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. పొట్ట లోపల, కాలేయంలో పేరుకున్న కొవ్వు ఇన్సులిన్‌ని, అంటే రక్తంలోని గ్లూకోజ్‌ని కణాల్లోకి పంపే హార్మోన్‌ని, సరిగ్గా పనిచేయనివ్వదు. అందుకే పాశ్చాత్యులకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 25 నుంచి అధిక బరువు అంటే, మనకి 23 నుంచే అంటాం. నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు చెప్పకండి, దాన్ని పొట్ట కిందకి దించి కట్టుకుంటారని నాకు తెలుసు!

అపోహ: పొద్దున జిమ్ చేస్తున్నా, అది చాలు.
జిమ్ మానొద్దు. అయితే కదిలే కండ ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటుంది, తర్వాత పది గంటలు కుర్చీకి అతుక్కుపోతే ఆ లాభం చాలావరకు పోతుంది. భోంచేశాక పది నిమిషాలు నడవండి, ఫోన్ కాల్స్ నిలబడి మాట్లాడండి.

అపోహ: నిద్రకీ షుగర్‌కీ సంబంధం లేదు.
ఉంది. అమెరికా టైమింగ్స్‌లో పనిచేసే మాదాపూర్, గచ్చిబౌలి వాళ్లకి ఇది మరీ చెప్పాలి. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, అర్ధరాత్రి తిన్నదాన్ని శరీరం పగటిలా సర్దుకోలేదు. షిఫ్ట్ మార్చుకోలేకపోతే కనీసం ఆ వేళ బిర్యానీ ఆర్డర్ మానండి.

అపోహ: ఫాస్టింగ్ (పరగడుపున చేసే) టెస్టు నార్మల్‌గానో, బోర్డర్‌లైన్‌లోనో ఉంటే టెన్షన్ లేదు.
ఫాస్టింగ్ బాగున్నా తిన్నాక పెరగొచ్చు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్టు కూడా చూడండి, 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ. ఆ దశలో ఉన్న మనవాళ్ల మీదే చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో తిండి, నడక మార్చుకున్నవాళ్లకి షుగర్ వచ్చే ప్రమాదం సుమారు 28 శాతం తగ్గింది. అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, ముప్పై దాటాక ఏటా ఈ టెస్టు చేయించుకోండి.