కెమెరాకి స్పేర్ బ్యాటరీ కొనే ముందు

పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల బ్యాగులో కెమెరాలు ఒకటో రెండో ఉంటాయి, బ్యాటరీలు మాత్రం గుప్పెడు ఉంటాయి. ముందురోజు సాయంత్రం ఎదుర్కోలుతో పని మొదలై, తెల్లవారుజామున ముహూర్తం దాకా సాగుతుంది. జీలకర్ర-బెల్లం పెట్టే వేళకి కెమెరా ఆగిపోతే మళ్లీ పెట్టమని అడగలేం కదా. కెమెరా కంపెనీ బ్యాటరీ ఖరీదు ఎక్కువ కాబట్టి చాలామంది వేరే తయారీదారుల బ్యాటరీల వైపు చూస్తారు. అందులో తప్పేమీ లేదు, వాటిలో నిజంగా మంచివి ఉన్నాయి. కానీ కొనేటప్పుడు అందరూ ముందు చూసేది ఎంఏహెచ్ అంకె, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో మిల్లీ ఆంపియర్ అవర్లలో చెప్పేది. నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ నమ్మాల్సింది కూడా దాన్నే.

ఆ అంకెని కొంతవరకు మనమే పరీక్షించవచ్చు. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల్లో వాడే ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ మీద 7.2 వోల్టులు, 2280 ఎంఏహెచ్, 16.4 వాట్ అవర్లు అని ఉంటుంది. వాట్ అవర్లంటే బ్యాటరీ దాచుకునే మొత్తం శక్తి, వోల్టులని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వస్తుంది. 2280 ఎంఏహెచ్ అంటే 2.28 ఆంపియర్ అవర్లు. 7.2ని 2.28తో గుణిస్తే 16.4 వస్తుంది, లెక్క సరిపోయింది. అదే సైజు బ్యాటరీ మీద 3000 ఎంఏహెచ్ అని పెద్దగా వేసి, కింద చిన్న అక్షరాల్లో 16.4 వాట్ అవర్లనే ఉంచితే అందులో ఏదో ఒకటి అబద్ధం. 3000 నిజమైతే అక్కడ 21.6 ఉండాలి. బరువు కూడా చూడండి. లిథియం అయాన్ సెల్‌లో శక్తిని దాచేది ఎలక్ట్రోడ్ల మీద పూసిన పదార్థమే, ఎక్కువ దాచాలంటే అది ఎక్కువ పట్టాలి. ఒరిజినల్ సుమారు 80 గ్రాములుంటే, దానికంటే ఎక్కువ కెపాసిటీ అని చెప్పుకునే బ్యాటరీ బాగా తేలిగ్గా తూగితే అనుమానించాల్సిందే. వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఇందుకు చాలు.

అసలు సంగతి ప్లాస్టిక్ డబ్బా లోపల ఉంటుంది. ఈ తరహా బ్యాటరీల్లో 3.6 వోల్టుల సెల్‌లు రెండింటిని వరసగా కలుపుతారు. పూర్తిగా ఛార్జ్ అయితే ఒక్కోటి 4.2, మొత్తం 8.4 వోల్టులు. రెండూ సమానంగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి బక్కదైతే ఏమవుతుందో, సెల్‌లలో ఒకటి బలహీనమైతే ఇక్కడా అదే జరుగుతుంది. రెండింట్లోనూ ప్రవహించే కరెంటు ఒకటే కాబట్టి బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది, ఛార్జింగ్‌లో ముందు నిండుతుంది. మొత్తం వోల్టేజీని మాత్రమే కొలిచే ఛార్జర్‌కి 8.4 కనిపిస్తుంది, లోపల మాత్రం ఒకటి 4.1 దగ్గర, ఇంకొకటి 4.3 దగ్గర ఉండవచ్చు. ఇలా పదేపదే ఎక్కువ ఛార్జ్ అయిన సెల్‌లో ఎలక్ట్రోలైట్ (లోపలి రసాయన ద్రవం) విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. బ్యాటరీ ఉబ్బడానికి ఇదొక ముఖ్యమైన కారణం. ఉబ్బిన బ్యాటరీ కెమెరాలో ఇరుక్కుంటే దాన్ని బయటికి లాగడమే పెద్ద టెన్షన్. మంచి తయారీదారు సమానమైన సెల్‌లని ఏరి జత చేస్తాడు, ఒక్కో సెల్ వోల్టేజీని విడిగా గమనించి హద్దు దాటగానే ఛార్జింగ్ ఆపే రక్షణ సర్క్యూట్ పెడతాడు. చవక బ్యాటరీలో డబ్బు మిగుల్చుకునే అవకాశం సరిగ్గా ఈ రెండు చోట్లే ఉంది.

వీడియో తీస్తుండగా 40 శాతం చూపిస్తున్న బ్యాటరీ ఒక్కసారిగా చచ్చిపోవడం వెనక ఇంకో కారణం ఉంది. ప్రతి సెల్‌కీ అంతర్నిరోధం, అంటే కరెంటు ప్రవాహానికి లోపలే ఎదురయ్యే అడ్డు, ఉంటుంది. సెన్సర్, స్క్రీన్, ఫోకస్ మోటారు కలిసి ఎక్కువ కరెంటు లాగితే ఆ నిరోధం వల్ల వోల్టేజీ పడిపోతుంది, కనీస హద్దుకంటే దిగువకి రాగానే కెమెరా ఆగిపోతుంది. సెల్ నాసిరకమైనా, పాతబడినా నిరోధం ఎక్కువ. చలిలో ఇంకా పెరుగుతుంది. డిసెంబరులో లంబసింగి మంచు తీయడానికి వెళ్లేవాళ్లు స్పేర్‌ని బ్యాగులో కాకుండా చొక్కా లోపలి జేబులో ఉంచుకోవడం మంచిది. మిగిలిన శాతాన్ని లెక్కగట్టి కెమెరాకి చెప్పే చిప్ కూడా చాలా బ్యాటరీల్లో ఉంటుంది. వేరే తయారీదారు దాన్ని సరిగ్గా అనుకరించకపోతే తెరమీది అంకెకీ లోపలి ఛార్జ్‌కీ పొంతన ఉండదు. కెమెరా ఫర్మ్‌వేర్‌ని (దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ని) అప్‌డేట్ చేశాక నిన్నటిదాకా పనిచేసిన బ్యాటరీని అది గుర్తించకపోవచ్చు కూడా. అందుకే అప్‌డేట్ పనిని పెళ్లికి ముందురోజు పెట్టుకోకండి, ఒక్క ఒరిజినల్ అయినా దగ్గర ఉంచుకోండి.

కొనేటప్పుడు మన దేశంలో ఇంకొక ఆధారం ఉంది. లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తుతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు వేస్తారు, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. నంబరు లేని బ్యాటరీని సగం ధరకిచ్చినా నేను కొనమని చెప్పను.

కొన్నాక వారం పది రోజులు ఇంట్లోనే వాడి చూడండి. నిండా ఛార్జ్ చేసి వీడియో ఆన్ చేసి వదిలేసి, ఒరిజినల్‌తో పోలిస్తే ఎంతసేపు వచ్చిందో రాసుకోండి. ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే తీసేసి వాపసు ఇవ్వండి. నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జ్‌తో చల్లటి చోట ఉంచాలి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద నిండు ఛార్జ్‌తో వదిలేస్తే ఎంత మంచి సెల్ అయినా త్వరగా పాడవుతుంది.

ఇక విమానంలో వెళ్లేటప్పుడు స్పేర్ బ్యాటరీలను చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, హ్యాండ్ లగేజీలోనే తీసుకెళ్లాలి. 100 వాట్ అవర్ల లోపువాటికి విమానయాన సంస్థ అనుమతి ప్రత్యేకంగా అడగాల్సిన పని ఉండదు, కెమెరా బ్యాటరీలన్నీ దాదాపు ఆ లోపే. లోహపు కొనలకి తాళంచెవో చిల్లర నాణెమో తగిలి షార్ట్ కాకుండా, కొన్నప్పుడు ఇచ్చిన ప్లాస్టిక్ మూతని పారేయకుండా పెట్టి ఉంచండి.