బాబ్‌కి తలుపు తీసింది ఎవరు?

అమెరికన్ దర్శకుడు డేవిడ్ లించ్ 2025 జనవరిలో చనిపోయాక చాలామంది ఆయన టీవీ సీరియల్ ‘ట్విన్ పీక్స్’ మళ్ళీ మొదటి నుంచి చూశారు. దాంతో పాత పేచీ కూడా లేచింది. అందులో మనుషుల్ని పూనే దుష్టశక్తి బాబ్ ఎక్కడి నుంచి వచ్చాడు? 2017లో వచ్చిన కొత్త సీజన్ ఎనిమిదో భాగం తేల్చేసిందిగా అని ఒక వర్గం అంటోంది. రెండో వర్గం అసలు ఆ ప్రశ్నే తప్పంటోంది.

ట్విన్ పీక్స్ అనే ఊళ్ళో స్కూలు పిల్ల లారా పామర్ శవం దొరకడం, ఎఫ్‌బీఐ ఏజెంటు కూపర్ ఆ ఊరికి రావడం తెలిసిన కథే. సెట్‌లో సామాన్లు సర్దే ఫ్రాంక్ సిల్వాని చూసి లించ్ అప్పటికప్పుడు ఈ పాత్ర అనుకున్నాడన్నదీ పాత ముచ్చటే. అందులో ఒక్క సంగతి మాత్రం పనికొస్తుంది. స్క్రిప్టులో లేనివాడికి పుట్టుపూర్వోత్తరాలు ముందుగా ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ అవసరం 1990 చివర్లో పడింది. హంతకుడెవరో చెప్పాలని సీరియల్ వేసే ఏబీసీ ఛానెల్ పట్టుబట్టింది. లించ్‌కి అది ఇష్టం లేదు. నవంబరు 10న లీలాండ్ పామర్ అద్దంలోకి చూసుకుంటే బాబ్ మొహం కనిపించింది. (ముప్పై అయిదేళ్ళ నాటి సీరియల్ కాబట్టి పేరు చెప్పేస్తున్నా.) చంపింది కన్నతండ్రి. కూతురి మీద ఏళ్ళ తరబడి అఘాయిత్యం చేసిందీ ఆయనే. ఇది ఇళ్ళలో అందరూ కూర్చుని చూసే టీవీలో చెప్పాలి. నా లెక్కలో బాబ్ అసలు పుట్టుక ఇక్కడే.

మూడు వారాలకి, డిసెంబరు 1న, లీలాండ్ చనిపోతాడు. లాకప్ సెల్ పైకప్పు నుంచి నీళ్ళు కురుస్తుంటాయి, కూపర్ ఒళ్ళో తల. చిన్నప్పుడు బాబ్ కలలో కనిపించి ఆడుకుందామన్నాడని, తనే లోపలికి రమ్మన్నానని చెబుతాడు. పర్ల్ లేక్స్‌లో తాతగారి వేసవి ఇంటి పక్కన ఉండే ఒక మనిషి తన మీదికి వెలిగించిన అగ్గిపుల్లలు విసిరేవాడని అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆ పక్కింటి మనిషి మామూలు మనిషేనని, వాడి చేతిలో నలిగిన పిల్లాడు వాడికే దయ్యం రూపం కట్టాడని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సిద్ధాంతాలన్నిట్లోకీ గుండెని పట్టేది ఇదే.

ఆ తర్వాత అడవి అంచున నలుగురు మగవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటారు. షెరీఫ్ ట్రూమన్‌కి ఇదంతా నమ్మబుద్ధి కాదు. సొంత కూతుర్ని తండ్రే చంపాడని నమ్మడం మాత్రం తేలికా అని కూపర్ అడుగుతాడు. మనుషులు చేసే చెడే బాబ్ ఏమో అని కూపర్ సహోద్యోగి ఆల్బర్ట్ అంటాడు. ఇవాళ్టి రెండు వర్గాలూ ఆ నాలుగు మాటల్లోంచే వచ్చాయి.

లారా చివరి రోజుల మీద 1992లో వచ్చిన ‘ట్విన్ పీక్స్: ఫైర్ వాక్ విత్ మీ’ సినిమాలో లించ్ ఎటు మొగ్గాడో నాకైతే అనుమానం లేదు. రాత్రి భోజనాల దగ్గర లీలాండ్ లారా వేళ్ళు పట్టుకుని, గోళ్ళలో మట్టి ఉందని సతాయిస్తాడు. అప్పుడక్కడ బాబ్ కనిపించడు. చివరికి రైలు పెట్టెలో, అది నేనేనని నీకు ఎప్పుడూ తెలుసనుకున్నా అంటాడు. పూనకం వచ్చినవాడు అనే మాట కాదది.

ఇక మొదటి వర్గం చెప్పే బాంబు వాదం. ఎనిమిదో భాగంలో 1945 జులై 16న న్యూ మెక్సికోలో మొదటి అణుపరీక్ష జరుగుతుంది. ఒక వింత ఆకారం కక్కినదాంట్లో బాబ్ మొహం ఉన్న గోళం తేలుతుంది. 1956లో ఒక పురుగు నిద్రలో ఉన్న అమ్మాయి నోట్లోకి దూరుతుంది. ఆ అమ్మాయి లారా తల్లి సారానే అన్నట్టు, లించ్‌తో కలిసి సీరియల్ సృష్టించిన మార్క్ ఫ్రాస్ట్ తన పుస్తకంలో రాశాడు. ఆ గంట టీవీ అద్భుతమే, కాదనను. కానీ బాబ్ అప్పుడే పుట్టాడో, ఆ పేలుడుతో బయటపడ్డాడో అది చెప్పదు. పైగా నేరం మొత్తం ఎడారికి మళ్ళుతుంది. లీలాండ్ ఒట్టి పాత్ర అయిపోతాడు, ఏది పోస్తే అది పట్టే గిన్నెలాగా.

పదిహేడో భాగంలో ఆకుపచ్చ గ్లౌజు తొడుక్కున్న కుర్రాడు ఆ గోళాన్ని గుద్ది ముక్కలు చేస్తాడు. బాబ్ పని అయిపోయింది. దాని వెంటే వచ్చిన పద్దెనిమిదోదాంట్లో లారాలా ఉన్న స్త్రీ పామర్ల ఇంటి ముందు నిలబడుతుంది. లోపలి నుంచి సారా గొంతు లారా అని పిలుస్తుంది. బయట ఉన్న ఆ స్త్రీ కేక పెడుతుంది, ఇంట్లో దీపాలన్నీ ఆరిపోతాయి.